మామకు తొడిగిన తోలు చొక్కా

మా మామను నేను చంపబోయిన సంగతి మా చుట్టాల్లో తెలియనివాళ్ళు లేరు. పెళ్ళిళ్ళలో నేను వచ్చి పక్కన కూర్చుంటే పెద్దమనుషులు చొక్కా పై గుండీ విప్పుకుంటారు. మీకే తెలియదు గనక, ఇంకెవరో నాలుగు అబద్ధాలు కలిపి చెప్పకముందే నేనే చెప్పేస్తాను. అబద్ధాలు కలపాల్సినంత లోటు ఇందులో లేదు లెండి. నవ్వొస్తే నవ్వండి. నేనూ నవ్వుతూనే చెప్తాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మా గొర్రెల కాపరుల ఇళ్ళలో మెట్రిక్ గట్టెక్కి పంతులు నౌకరీ తెచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. పాలమూరులో ట్రైనింగు చేసేటప్పుడు పది రోజులు ప్రథమ చికిత్స కూడా నేర్పారు. చివరి రోజు ఎర్ర ముద్ర కొట్టిన సర్టిఫికెట్టు ఒకటి ఇచ్చారు. ఎనిమిదో రోజు పాఠం రొమ్ము దెబ్బల గురించట. ఆ రోజు మేం నలుగురం పగటి ఆట సినిమాకు పోయాం. అయినా సర్టిఫికెట్టులో "తొమ్మిది రోజులు" అని రాయలేదు గదా! నేను నిండు పది రోజుల పండితుణ్ణే.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త వైద్యుడు ఎరిగేది ఒక్కటే, రోగి ఎప్పుడు దొరుకుతాడా అని. ఆరు నెలలు కట్టు కట్టే గుడ్డలు ఉతికి, మడతపెట్టి, సంచిలో వేసుకుని తిరిగాను. ఒక్క ఎముకా విరగలేదు. మా బడిపిల్లలు ఎంత ఎత్తు నుంచి పడ్డా లేచి దులుపుకొని పోయేవాళ్ళు. ఊరంతా నా మీద పగబట్టి ఆరోగ్యంగా ఉన్నట్టుండేది.

ఆ ఎండాకాలం సెలవుల్లో అత్తగారి ఊరికి పోయాను. పెళ్ళయి ఎనిమిది నెలలే. నా భార్య సత్తెమ్మ అంతకు వారం ముందే పుట్టింటికి వచ్చి ఉంది. మామ పేరు బీరయ్య. యాభై దాటినా మోకాటి మీద చెయ్యి పెట్టకుండా గుట్ట ఎక్కేవాడు. ఎంత మంచివాడంటే, అల్లుడు పప్పులో ఉప్పు లేదంటే తన కంచంలోని ఉప్పు తీసి అల్లుడికి వేసేవాడు. ఆ మంచితనమే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

అత్త సంగతి వేరు. మా దగ్గర అత్త అల్లుడి ఎదుట నిలబడదు, అల్లుడితో మాట్లాడదు. ఏదన్నా చెప్పాలంటే తలుపు చాటునుంచి బిడ్డతో చెప్తుంది. బిడ్డ ఇంట్లో లేకపోతే కోడితోనో మేకపిల్లతోనో చెప్తుంది. అల్లుడు ఆ మాట విని, తనకే అని అర్థం చేసుకోవాలి. మరి అల్లుడు తప్పు చేస్తే ఎవరు చెప్పాలి? అల్లుడు తప్పు చేయడు. పెద్దలు పెట్టిన ఆచారంలో ఆ ప్రశ్నకు జాగా లేదు.

నేను వచ్చిన మర్నాడు పొద్దున్నే మామ మందలోంచి మంచి పొట్టేలును పట్టబోయాడు. కొత్త అల్లుడికి కూర వండాలి గదా. పొట్టేలు నా కోసం చావడానికి ఒప్పుకోలేదు. నాలుగడుగులు వెనక్కి పోయి, తల దించి, ఉరికొచ్చి మామ కుడి పక్కన ఒక్క పోటు పొడిచింది. గడపలో నిలబడ్డ నాకు ఆ చప్పుడు వినబడింది. ఎండిన కట్టె విరిగినట్టు. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ చప్పుడు వినగానే నా గుండె సంతోషంతో కొట్టుకుంది. ఆరు నెలలకు దొరికింది ఎముక!

"ఏం గాలే అల్లుడా, జర తగిలింది," అని మామ పక్క పట్టుకుని లేచాడు. ముఖం తెల్లబడింది.

పొట్టేలును పక్కింటాయన వచ్చి కోశాడు. తోలు ఒలిచాడు. తలుపు చాటునుంచి అత్త గొంతు వచ్చింది.

"బిడ్డా సత్తెమ్మా, పచ్చితోలు అరచేతంత ముక్క కోసి మీ బాపు పక్కకు పెట్టు. వేడి ఆరంగనే తీసేద్దాం."

అది వాళ్ళ తాతల నాటి వైద్యం. దెబ్బ తగిలిన చోట అప్పుడే ఒలిచిన తోలు ముక్క వేడివేడిగా వేసి, చల్లబడగానే తీసి పారేస్తారు. తగ్గేవాళ్ళకు తగ్గేది, తగ్గనివాళ్ళకు నష్టం లేదు. ఆ నష్టమేదో చేయడానికే నేను చదువుకుని వచ్చాను.

"ఆగు," అన్నాను సత్తెమ్మతో. "ముక్క ఎందుకు? తోలంతా చుడదాం."

"తోలంతనా? ఎందుకు?"

"ఇరిగిన ఎముక కదలొద్దు. పుస్తకంల గట్లనే ఉన్నది. కట్టెలు పెట్టి కడితే కాలు కదులుతదా? గిది గూడ గంతే."

"తోలు ఎండుతే బిగుస్తది గద?"

"బిగియాల్ననే గద చుట్టేది!"

"మరి బాపు ఊపిరెట్ల తీస్తడు?"

నేను నవ్వాను. ఆ నవ్వును ఇప్పుడు ఎవరైనా నా ముందు నవ్వితే చెంప మీద కొడతాను. "ఊపిరి తీసేది ఎముకలా? ఊపిరితిత్తులు. లోపల రెండు సంచులుంటయి. వాటంతట అవే గాలి గుంజుకుంటయి. పక్కటెముకలు ఉత్త కంచె. దొడ్డికి కంచె గట్టిగ కడితే లోపలి గొర్లు మేత మేయవా?"

"దొడ్లె గొర్లు మేస్తయా? మేతకు బయటికి తోలాలె," అంది సత్తెమ్మ.

ఐదో తరగతికి నేను చెప్పే పాఠాన్ని బడి ముఖం చూడని పిల్ల ఒక్క మాటతో కొట్టేసింది. నాకు రోషం వచ్చింది. "నీకు తెల్వదు," అన్నాను. మొగుళ్ళ దగ్గర జవాబు లేనప్పుడు ఈ రెండు మాటలే ఉంటాయి.

మామ మధ్యలో కల్పించుకున్నాడు. "నువ్వు ఊకో బిడ్డా. సదువుకున్నోనికి తెల్వదా? అల్లుడు చెప్పినట్టే కానియ్యి."

మంద ఆకలికి అరుస్తోంది. తండ్రి పడిపోయాడు గనక సత్తెమ్మే కర్ర పట్టుకుని గొర్రెలను తోలుకుపోయింది. పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఇక ఇంట్లో మిగిలింది మామ, తలుపు చాటున అత్త, పండితుడు.

మామను కూర్చోబెట్టి, "మామా, గాలంత బయటికి ఇడువు. ఇంక జర. ఇంక జర," అన్నాను. పాపం విడిచాడు. లోపల ఏమీ మిగలకుండా విడిచాక, చంకల నుంచి బొడ్డు దాకా తోలు చుట్టి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో పురికొస పెట్టి ముందు నుంచి కుట్టేశాను. మా తాతలు తోలు లోపలి వైపును ఒంటికి ఆనించేవాళ్ళు. నాకు ఆ నెత్తురూ కొవ్వూ చూస్తే సూక్ష్మక్రిములు కళ్ళముందు ఆడాయి. అందుకని బొచ్చు వైపు ఒంటికి, పచ్చి వైపు బయటికి తిప్పాను. ఆ తర్వాత, ఎండ క్రిములను చంపుతుందని చదివిన మాట గుర్తొచ్చి, నులక మంచం వాకిట్లో ఎండలోకి లాగాను.

పాలమూరు జిల్లా, వైశాఖ మాసం, నల్ల గొర్రె బొచ్చు లోపల మనిషి. అప్పుడు నేను గర్వంగా వెనక్కి జరిగి చూసుకున్నాను. డప్పు చేసేవాళ్ళు తోలు ఎండలో పెట్టేది ఎందుకో మా ఊళ్ళో ముక్కుపచ్చలారని పిల్లలకు కూడా తెలుసు. నాకు మాత్రం ఆ పూట గుర్తు రాలేదు.

"ఎట్లున్నది మామా?"

"మంచిగనే ఉన్నది అల్లుడా. ఎముక కదలకుంట పట్టుకున్నది. జర మంచం నీడకు జరిపితే ఇంక మంచిగుంటదేమో గని, నీకు ఎట్ల తోస్తే గట్ల."

నాకు ఎండే మంచిదని తోచింది. లోపల కూర ఉడుకుతోంది. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి అత్త కంచం గడప దగ్గర పెట్టి వెళ్ళింది. మొదటి కంచం తిని వచ్చి అడిగాను.

"ఎట్లున్నది మామా?"

"మంచిగనే ఉన్నది... అల్లుడా. నువ్వు తిను."

రెండో కంచం తిన్నాను. వచ్చి అడిగాను.

"మంచిగున్నది."

నా సంచిలో నోటుబుక్కు ఉంది. అందులో, "రోగి మాటలు తగ్గించి విశ్రాంతి తీసుకుంటున్నాడు" అని రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, పారేయడానికి సత్తెమ్మ ఒప్పుకోదు.

అప్పుడు తలుపు చాటునుంచి గొంతు వచ్చింది. గుంజకు కట్టేసిన మేకపిల్లతో అత్త మాట్లాడుతోంది.

"ఓ పిల్లా, ఆయన పెదవులు నేరేడుపండు లెక్క అయితున్నయి. నీకు గానొస్తలేదా?"

నేనూ మేకపిల్లకే జవాబు చెప్పాను. "ఎండకు గట్లనే అయితది. ఫికర్ చెయ్యొద్దని చెప్పు."

"ఓ పిల్లా, తోలు పటపట చప్పుడైతున్నది. కుట్లు లోపలికి గుంజుకుపోతున్నయి. జర ఇప్పుమని చెప్పరాదే?"

"ఇప్పుతే ఎముక కదులుతది. ఊపిరితిత్తులు వాటి పని అవి చేస్కుంటయి. భయం లేదని చెప్పు."

మేకపిల్ల మమ్మల్నిద్దర్నీ చూసి గడ్డి నమిలింది. ఆ ఇంట్లో ఆ పూట తెలివిగా ఊపిరి తీసింది అదొక్కటే. తలుపు వెనక గాజుల చప్పుడు. అత్త కత్తెర వెతుకుతోందని నాకు ఆ చప్పుడుతో తెలియాల్సింది. నేను మూడో కంచానికి పోయాను.

తిరిగి వచ్చి, "ఎట్లున్నది మామా?" అన్నాను.

"ఊఁ."

ఇంకోసారి అడిగాను. ఈసారి ఆ ఊఁ కూడా రాలేదు. తల ఊపాడు. అల్లుడి మాట తీసేయకూడదని, చచ్చేటప్పుడు కూడా, బాగానే ఉందని తల ఊపాడు!

అప్పుడు నేను మొదటిసారి మనిషిని చూశాను. అంతదాకా కట్టునే చూశాను. మెడ మీది నరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి, పడుతున్నాయి. గొంతు కింద గుంట లోపలికి పీక్కుపోతోంది. ముక్కుపుటాలు పరుగెత్తిన ఎద్దుకు ఆడినట్టు ఆడుతున్నాయి. ఒంట్లో ఎక్కడెక్కడి కండలన్నీ కలిసి ఒక్క గుక్క గాలి కోసం గుంజుతున్నాయి. తోలు మాత్రం డప్పులాగా బిగుసుకుని, ఇసుమంత కూడా లేవడం లేదు. వాటంతట అవే గాలి గుంజుకుంటాయన్న నా సంచులు రెండూ లోపల ఏ పనీ చేయకుండా పడి ఉన్నాయి. చింత చచ్చినా పులుపు చావదంటారు. ఆ పొట్టేలు చచ్చినా పొడుపు చావలేదు.

"మామా, గట్టిగ ఊపిరి తీయ్!" అని అరిచాను. చేతులూ కాళ్ళూ కట్టేసి ఈత కొట్టమన్నట్టు.

తలుపు భళ్ళున తెరుచుకుంది. ఎనిమిది నెలల్లో కొంగు అంచు తప్ప నేను చూడని మా అత్త, తల మీద కొంగు లేకుండా, ఒక చేతిలో నీళ్ళ కుండ, ఇంకో చేతిలో బొచ్చు కత్తిరించే కత్తెరతో ఎదురుగా వచ్చి నిలబడింది.

"జరుగు!"

అదీ మా అత్త నాతో మాట్లాడిన మొదటి మాట.

నేను దబ్బనం పట్టుకుని కుట్లు విప్పబోయాను. పురికొస తోలులోకి దిగబడిపోయింది. ఆమె నన్ను మోచేత్తో నెట్టింది. నేను పోయి మేకపిల్ల మీద పడ్డాను. కత్తెర ఆనిస్తే రేకు మీద జారినట్టు జారింది. అప్పుడు కుండెడు నీళ్ళూ ఆ తోలు మీద కుమ్మరించింది. "ఇంకో కుండ తే! నిలబడి సూస్తవేంది? తే!" నేను ఉరికాను. మూడు కుండలు తెచ్చాను. తోలు కొద్దిగా మెత్తబడ్డది. ఆమె కత్తెర చంక కింద దూర్చి, గొర్రె బొచ్చు కత్తిరించే నేర్పుతోనే, ఒంటికి గీత పడకుండా కిందిదాకా చీల్చింది.

మామ రొమ్ము పైకి లేచింది. ఊపిరి లోపలికి పోయిన ఆ చప్పుడు, పగిలిన గొంతుతో పసిపిల్ల ఏడ్చినట్టు, నేను చచ్చేదాకా మర్చిపోను. రెండో ఊపిరికి నొప్పితో కేక పెట్టాడు. ఆ కేక ఎంత బాగుందో చెప్పలేను. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

అత్త నావైపు తిరిగింది. "అల్లుడా, నీకు దండం పెడత. ఏడ్సుడు తర్వాత. బండి కట్టు."

బండి మీద రోడ్డుకు, రోడ్డు మీంచి బస్సులో పాలమూరుకు పోయాం. వీపు కింది తోలు సగం చెమటకు ఒంటికి అతుక్కునే ఉంటే దానితో సహా తీసుకుపోయాం. పెద్ద దవాఖానలో డాక్టరు ఆ తోలును రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు.

"రెండు ఎముకలు విరిగాయి. ఒకటి మామూలుగానే విరిగింది. రెండోదాని ముక్క లోపలికి నొక్కుకుపోయి ఊపిరితిత్తికి గాయం చేసింది. నిమ్ము చేసేటట్టుంది. బతుకుతాడో లేదో ఇప్పుడే చెప్పలేను. ఎవరు చుట్టారు దీన్ని?"

సత్తెమ్మ మంద నుంచి వచ్చిన కాళ్ళతోనే బస్సెక్కింది. ఆమె నన్ను చూసింది. నేను గోడ మీది బల్లిని చూశాను.

డాక్టరు నా చొక్కా జేబులో పెన్ను చూసి నా దగ్గరికి వచ్చాడు. "మీరు చదువుకున్నవారిలాగా ఉన్నారు. మీరైనా ఆపవద్దా?"

నేను తల దించుకున్నాను. ఆయన అది దుఃఖమనుకున్నాడు. "చూడండి," అన్నాడు మెల్లగా, "ఊపిరితిత్తుల్లో ఊపిరి గుంజే కండ లేదు. పక్కటెముకల మధ్య కండలు ఎముకలను పైకి లేపాలి. రొమ్ముకూ పొట్టకూ నడుమ డయాఫ్రం అని ఒక కండ పొర ఉంటుంది, అది కిందికి దిగాలి. అప్పుడు లోపల జాగా అవుతుంది. జాగా అయితేనే తిత్తులు సాగుతాయి, గాలి వస్తుంది. ఇవతల ఎముకలనూ కట్టి, అవతల పొట్టనూ కడితే గాలి ఎట్లా వస్తుంది? జాగా లేని ఇంటికి చుట్టం వస్తాడా?"

ఎనిమిదో రోజు పాఠం అదే అయి ఉంటుంది. ఆ రోజు నేను చూసిన సినిమా కథ నాకిప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు. డాక్టరు మాటలు మాత్రం కామాలతో సహా గుర్తున్నాయి.

నిమ్ము చేయనే చేసింది. పదకొండు రోజులు జ్వరం. మామ మాట్లాడలేదు. మాటకు సరిపడా ఊపిరి లేదు. అత్త మంచం పక్కన కూర్చుని ఆయన రొమ్మునే చూస్తుండేది. అది లేచినప్పుడల్లా ఆమె గడ్డం కూడా కొద్దిగా లేచేది. నేను నీళ్ళు తెచ్చేవాణ్ణి, మందులు తెచ్చేవాణ్ణి, వరండాలో నిలబడేవాణ్ణి. ఆయన పోతే ఆ ఇంట్లో ఏ ముఖం పెట్టుకుని అడుగుపెట్టాలో నాకు తెలియలేదు. సత్తెమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

డాక్టరు మాత్రం రోజూ అడిగేవాడు. "ఆ చుట్టినవాడి పేరు చెప్పండి. వాడు ఇంకొకణ్ణి చంపకముందే పోలీసులకు రాసిస్తాను." పేరు చెప్తే నా నౌకరీ పోయేది. ఆ సంగతి ఆ మంచం మీద పడుకున్న మనిషికి తెలుసు.

మామ బతికాడు. కాని గుట్ట ఎక్కేటప్పుడు మూడుచోట్ల నిలబడేవాడు. దూరంగా పోయిన మందను పిలవాలంటే పక్కింటాయనను కేక వేయమనేవాడు. నేను పక్కన ఉంటే మాత్రం నిలబడకుండా ఎక్కబోయేవాడు, నాకు బాధ కలుగుతుందని. అందుకే నేను ఆయనతో గుట్టకు పోవడం మానేశాను.

అదంతా తర్వాతి మాట. దవాఖానలో పన్నెండో రోజు జ్వరం దిగింది. డాక్టరు వచ్చి, కాగితాలు ముందేసుకుని, ఈసారి నేరుగా మామనే అడిగాడు.

"ఇప్పుడు చెప్పు పెద్దాయనా. ఎవడు వాడు?"

మామ రొమ్ము నిండా ఊపిరి తీసుకున్నాడు. నొప్పికి ముఖం వంకరపోయింది. పన్నెండు రోజుల తర్వాత వచ్చిన మొదటి నిండు ఊపిరి అది. దాన్ని ఆయన దేనికి ఖర్చు పెట్టాడో వినండి.

"వాడు లేడు సారూ."

"లేడా? పారిపోయాడా?"

"సచ్చిపోయిండు."

"ఎప్పుడు?"

"నన్ను సుట్టిన దినమే."

"ఎట్లా చచ్చాడు?"

మామ ఒక్క క్షణం నావైపు చూశాడు.

"సిగ్గుతోని, సారూ."

డాక్టరు పెన్ను ఆపి నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. చచ్చినవాడి మీద కేసు లేదు," అని పక్క మంచం దగ్గరికి పోయాడు.

కాబట్టి, అయ్యలారా, అమ్మలారా, ఆ పది రోజుల పండితుడు ఆ మంచం పక్కనే కాలం చేశాడు. సర్టిఫికెట్టును ఆయనతోపాటే దహనం చేశాం. ఇక ఈ జన్మలో మనిషికి గాని, మేకకు గాని, విరిగిన కుర్చీకాలుకు గాని కట్టు కట్టనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. మీరు నిశ్చింతగా నమ్మవచ్చు. చచ్చినవాడు మాట తప్పడు.